కుక్కపిల్లను తల్లి దగ్గర నుంచి ఎప్పుడు తెచ్చుకోవాలి?

కుక్కపిల్లను చూడగానే ఎత్తుకోవాలనిపిస్తుంది. మన తిరుత్తణిలో చాలా ఇళ్లకు కుక్కపిల్ల వచ్చేది డబ్బు పెట్టి కొంటే కాదు. వీధిలో కుక్క పిల్లలు పెడుతుంది. అవి కళ్లు తెరిచి తప్పటడుగులు వేసే రోజుల్లో ఎవరో ఒకరు వచ్చి, నచ్చినదాన్ని ఎత్తుకుపోతారు. నేను కూడా అలాగే తెచ్చాను. అది తప్పా, ఒప్పా అని అప్పటి నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను.

పోయిన కార్తీకమాసంలో మా వీధి చివర, సగం కట్టి వదిలేసిన ఇంట్లో ఒక కుక్క ఐదు పిల్లలు పెట్టింది. సుమారు నాలుగు వారాలకు, నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న పిల్లను సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేశాను. తల్లి మా గేటు దాకా వెంట వచ్చింది. నేను గేటు వేసేశాను. ఆ రాత్రంతా లోపల పిల్ల ఏడుస్తూనే ఉంది, బయట తల్లి తిరుగుతూనే ఉంది. ఆవుపాలు పోస్తే పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. మా అవ్వ చూసి, "ఒరే, పాలు మరవని బిడ్డను తెచ్చావు. నీకు ముద్దు, దానికి ఆకలి" అనింది.

మూడో రోజు పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరుగారు మందు ఇచ్చి, "ఎనిమిది వారాలు నిండనీ. అప్పటిదాకా తల్లి దగ్గరే ఉండనీ" అన్నారు. తీసుకుపోయి వదిలాను. తల్లి వాసన చూసింది, తల నుంచి తోక దాకా నాకింది, పక్కలోకి చేర్చుకుంది.

ఎనిమిది వారాలే ఎందుకు? కుక్కపిల్ల పుట్టినప్పుడు కళ్లు, చెవులు మూసుకునే ఉంటాయి. సుమారు రెండు వారాలకు కళ్లు తెరుస్తుంది. మూడో వారం నుంచి పాలపళ్లు వస్తాయి. ఆ తర్వాతే మెత్తని తిండి కొంచెం కొంచెంగా అలవాటవుతుంది. రోగాలను తట్టుకునే శక్తి మొదట్లో తల్లి ముర్రుపాల నుంచే వస్తుంది. ఇంకో సంగతి నాకు కొత్తగా తెలిసింది. పిల్లలు ఒకదాన్నొకటి కొరుకుతూ ఆడుకుంటాయి కదా, గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని ఆట మానేస్తుంది. ఎంత గట్టిగా కొరకకూడదో అవి అలా నేర్చుకుంటాయి. ముందుగానే విడదీస్తే ఆ పాఠం చెప్పేవాళ్లు ఉండరు.

చట్టం కూడా ఇదే చెబుతుంది. చెన్నైలో కళాక్షేత్రం స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషి వల్ల 1960లో జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద 2017లో కుక్కల పెంపకందారులకు చేసిన నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. కానీ అది అమ్మేవాళ్లకు. వీధిలో ఊరికే ఎత్తుకుపోయే నన్ను అడిగేవాళ్లు ఎవరు? నా మనసే అడగాలి.

అలాగని మరీ ఆలస్యం చేయడం కూడా మంచిది కాదు. స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు కుక్కల మీద చాలా ఏళ్లు పరిశోధించి 1965లో పుస్తకం రాశారు. సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పిల్ల లోకాన్ని పరిచయం చేసుకునే కాలమని వాళ్లు చెప్పారు. ఆ రోజుల్లో మనుషుల చెయ్యి తగలని పిల్ల పెద్దయ్యాక మనుషులంటే భయపడుతుంది. మన పెద్దలు "నిదానమే ప్రధానం" అన్నారు, "ఆలస్యం అమృతం విషం" అని కూడా అన్నారు. కుక్కపిల్ల విషయంలో రెండూ నిజమే.

ఇంతవరకూ సులభంగానే ఉంది. తర్వాత జరిగిందే నన్ను కష్టపెట్టింది. నేను వదిలిన పది రోజులకు ఆ తెల్లమచ్చ పిల్ల ఆడుకుంటూ రోడ్డు మీదికి వచ్చి బండి కింద పడి చనిపోయింది. నా స్నేహితుడు, "నీ దగ్గరే ఉంచుకుని ఉంటే బతికేది కదరా" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. తల్లి దగ్గరే ఉండాలన్నది నిజమైతే, ఆ మాట విన్నందుకే అది చనిపోయిందా?

చాలా రోజులు ఆలోచించాక నాకు తోచింది ఇది. తిరిగి ఇవ్వడం తప్పు కాదు. ఇచ్చేసి, నా పని అయిపోయిందని చేతులు దులుపుకోవడం తప్పు. ఎనిమిది వారాలు ఆగడమంటే దూరంగా ఉండడం కాదు. పిల్లను మాత్రమే కాపాడాలనుకున్నాను. తల్లిని, పిల్లల్ని కలిపి కాపాడవచ్చని నాకు తట్టలేదు.

నన్నయగారి ఆదిపర్వంలో సరమ కథ ఉంది. జనమేజయుని తమ్ముళ్లు ఏ తప్పూ చేయని సారమేయుణ్ణి కొట్టారు. ఆ పిల్ల ఏడుస్తూ తల్లికి చెప్పుకుంది. సరమ నేరుగా రాజు దగ్గరికే పోయి, నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీసింది. ఒక తల్లికుక్క చక్రవర్తిని ప్రశ్నించడం మన భారతంలోనే ఉంది. మా గేటు బయట తిరిగిన కుక్కకు మాటలు రావు. వచ్చి ఉంటే అదీ అదే అడిగేదేమో.

మిగిలిన నాలుగు పిల్లల కోసం నేను, నా స్నేహితుడు ఆ ఇంటి గుమ్మానికి అడ్డంగా ఇటుకలు పేర్చాం. తల్లి దాటగలదు, పిల్లలు దాటలేవు. కింద గోనెసంచి పరిచాం. తల్లికి రోజూ అన్నం, నీళ్లు పెట్టాం. పిల్లల్ని కాసేపు చేతుల్లోకి తీసుకుని మళ్లీ అక్కడే వదిలేవాళ్లం. ఏడో వారం వచ్చేసరికి ఒక వింత చూశాను. పిల్లలు పాలకు వస్తే, పళ్లు గుచ్చుకుంటాయని తల్లే లేచి పక్కకు పోయేది. విడవాల్సిన సమయం దగ్గర పడిందని తల్లే చెబుతోంది. మనకు వినే ఓపిక ఉండాలి.

ఎనిమిది వారాలు నిండాక ఒకటి తిరువళ్లూరులో మా మామ ఇంటికి పోయింది. రెండింటిని మా వీధివాళ్లే తీసుకున్నారు. ఒకటి మా ఇంట్లో ఉంది. మూడు నెలలకు రేబిస్ టీకా వేయించాం. తల్లి ఇప్పటికీ మా గేటు దగ్గరికి వస్తుంది. ఇప్పుడు నేను గేటు మూయను.

ప్రేమ ఉంటే చాలదు, ఆగడం తెలియాలి. ఆగినన్నాళ్లూ పక్కనే ఉండి చూసుకోవాలి. ఈసారి మీ వీధిలో కుక్క పిల్లలు పెడితే ముందు తల్లికి ఒక గిన్నె అన్నం పెట్టండి. పిల్లను తర్వాత తెచ్చుకోవచ్చు.