చేద నుంచి జారిన బొట్టు

ఇంగ్లీషులో ‘ఎ డ్రాప్ ఇన్ ద బకెట్’ అని ఒక జాతీయం ఉంది. కావలసినదాని ముందు లెక్కకు రానంత కొంచెం అని అర్థం. మనం ‘సముద్రంలో కాకిరెట్ట’ అంటాం. మన మాటలో వెక్కిరింపు పైకే కనబడుతుంది. ఇంగ్లీషు మాట మర్యాదగా, ఒక అంకెలా వినబడుతుంది. అందుకే దానిమీద నాకు అనుమానం ఎక్కువ.

అది బైబిలు నుంచి వచ్చింది. యెషయా గ్రంథం 40వ అధ్యాయంలో, దేవుడి ముందు జాతులన్నీ చేద నుంచి జారిన నీటిబొట్టులాంటివనే పోలిక ఉంది. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలో కూడా అది బకెట్ ‘లోని’ బొట్టు కాదు, బకెట్ ‘యొక్క’ బొట్టు. ‘లో’ తర్వాత వాడుకలో వచ్చి చేరింది. లోపల పడ్డ బొట్టు కొలిచేవాళ్ల సంగతి. జారిపోయిన బొట్టు మోసేవాళ్ల సంగతి. అది పోయినా ఎవరూ పట్టించుకోరన్న నమ్మకం మీదే ఆ పోలిక నిలబడింది.

మార్కాపురం, గిద్దలూరు వైపు ఆ నమ్మకం చెల్లదు. వేసవిలో ట్యాంకరు దగ్గర నీళ్లు పట్టుకున్న ఆడవాళ్లు, తొణక్కుండా బిందెలో వేపమండ వేసుకుని నడుస్తారు. జారే ప్రతి బొట్టూ వాళ్లకు తెలుసు. (రిబ్కా నుంచి సమరయ స్త్రీ దాకా, బైబిల్లో కూడా నీళ్లకోసం బావి దగ్గరికి వచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే. ప్రవక్త వాళ్లని అడిగి ఉంటే వేరే పోలిక దొరికేదేమో!)

1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు లెక్క 43.5 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు. ఆ అంకె పక్కన బిందె ఎక్కడ ఆనుతుంది? కానీ బోరునీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావంటారు. ఏళ్ల తరబడి తాగిన మనిషి నడుము వంచేది కంటికి కనబడని ఆ కాస్తే.

బిందెతో కరువు తీరదు, నిజమే. దాన్ని పెద్దది చేసి పొగడమని నేననడం లేదు. చిన్నదాన్ని చిన్నదనడంలో తప్పులేదు. చిన్నది గనక రాయక్కర్లేదు, కూలి కట్టక్కర్లేదు అనే రెండో అడుగు దగ్గరే నా పేచీ. ఆ అడుగు ఎంత చప్పుడు లేకుండా పడుతుందంటే, ఆడవాళ్ల సంపాదనని ‘వేణ్నీళ్లకు చన్నీళ్లు’ అని మనమే అనేస్తుంటాం.

మార్కాపురంలో పలకల పనికి వెళ్లిన ఒకామెను ఇంటి ఖర్చులు చెప్పమన్నాను. బియ్యం, అప్పుకు వడ్డీ భర్త సంపాదన కింద చెప్పింది. పాలు, మందులు, పిల్లల ఫీజు, ట్యాంకరు నీళ్లు తన కూలి కింద. ‘మరి ఇందులో చన్నీళ్లు ఏవమ్మా?’ అన్నాను. నవ్వింది.

‘కాస్త చెయ్యెయ్యండి మేడం, బిందె నెత్తికెత్తుకోవాల’ అంది.