ధైర్యమునకును పథ్యము కలదు

మనోవ్యాధికి మందు లేదని మన పెద్దలు చెప్పుదురు. దేహవ్యాధికి మందున్నది గనుక దానిని వైద్యునకు విడిచి, మనోవ్యాధిని మాత్రము రోగి తానే భరింపవలెనని లోకము ఈ సామెతకు అర్థము చెప్పుకొన్నది. ఈ విభాగము ఎవరి విషయమునను సరిగా లేదు. క్రీడాకారుని విషయమున అసలే లేదు. ఏలయన, అతనికి దేహమే విద్య, దేహమే వృత్తి, దేహమే పేరు. అతడు జబ్బుపడి లేచినప్పుడు దేహమెంత నలిగినదో మనస్సును అంత నలిగియుండును. అయినను మనమతని నడుగు ప్రశ్న యొక్కటే: “మరల ఎప్పుడు ఆడెదవు?” జంకినచో పిరికివాడందుము, జంకక దిగినచో వీరుడందుము. ఈ రెండు మాటలలోను న్యాయమెంత? కోలుకొనుచున్న వానికి ధైర్యమనగా నేమి? దీనిని కొంచెము విచారింపదలచితిమి.

మొదట దేహము సంగతి చూతము. 1966వ సంవత్సరమున అమెరికాలోని డాలస్ నగరమున వైద్యశాస్త్రజ్ఞులు ఇరువదియేండ్ల యువకులను అయిదుగురిని మూడువారములపాటు మంచముమీదనే పరుండబెట్టి పరీక్షించిరి. వారికి జ్వరము లేదు, గాయము లేదు. వట్టి పడక మాత్రమే. అయినను తీవ్రమైన శ్రమలో దేహము వాడుకొనగల ప్రాణవాయువు నాలుగవవంతునకు మించి తగ్గిపోయెను. పిమ్మట వ్యాయామము చేయింపగా వారందరును కోలుకొనిరి. కాని అలవాటు లేనివారికంటె అంతకుముందు సాధన గలవారికే పూర్వస్థితిని అందుకొనుటకు ఎక్కువ కాలము పట్టెను. ముప్పదియేండ్లు గడచిన తరువాత, 1996లో, వారినే మరల పరీక్షించిరి. ముప్పదియేండ్ల వయస్సు వారి శక్తికి చేసిన నష్టముకంటె నాటి మూడువారముల పడక చేసిన నష్టమే పెద్దదని తేలెను.

ఆరోగ్యవంతులకు వట్టి పడకయే ఇంత చేసినచో, టైఫాయిడో, డెంగ్యూయో, కోవిడో పీల్చివేసిన దేహము మాట చెప్పనేల? సామాన్యుడు తన నష్టమును అంతగా గుర్తింపడు; బజారునకు పోయి రాగలిగిన చాలుననుకొనును. ఆటగాడు అట్లు కాదు. నిన్నటి తన పరుగు ఎన్ని క్షణములో అతనికి తెలుసు. నేటిది ఎన్ని క్షణములో గడియారము చెప్పును. ఎత్తైన మేడనుండి పడినవానికే దెబ్బ యెక్కువ. కావున అతని ఆందోళనకు ఆధారము లేదనుట పొరపాటు.

ఆ ఆందోళనలో మూడు పేటలున్నవి. మొదటిది దేహము భాషను గూర్చినది. గుండెదడ, ఆయాసము, చెమట, కాళ్లవణకు - ఇవి శ్రమకును గుర్తులే, వ్యాధికిని గుర్తులే, భయమునకును గుర్తులే. జబ్బునుండి లేచినవాడు రెండు అంతస్తులు ఎక్కును. బలహీనపడిన గుండె వేగముగా కొట్టుకొనును. వ్యాధి తిరుగబెట్టినదేమో యని అతడు భయపడును. ఆ భయమునకు గుండె మరింత వేగముగా కొట్టుకొనును. చూచితివా, నిజమే యని భయము రెట్టింపగును. రెండవది తావును గూర్చినది. అతడు మంచముమీద నున్నన్ని దినములును జట్టులో అతని చోట మరియొకడు ఆడుచుండును. ఆ చోటు తిరిగి దొరకునో దొరకదో తెలియదు. మూడవది అన్నిటికంటె లోతైనది. పదియేండ్ల ప్రాయమునుండి “పరుగెత్తువాడు” అని పిలువబడినవాడు పరుగెత్తలేనప్పుడు తానెవడు? ఈ ప్రశ్నకు మందులకొట్టులో జవాబు దొరకదు.

ఇట్టివానికి మనము చెప్పు మాట “మనస్సు గట్టిచేసికొనుము” అనునది. గట్టి మనస్సనగా నేమో పండితులు కొంత విచారించినారు. 2002లో బ్రిటను దేశపు మనశ్శాస్త్రజ్ఞుడు పీటర్ క్లఫ్, అతని సహచరులు దానిని నాలుగు గుణములుగా విభజించిరి: తన జీవితము తన యదుపులో నున్నదను భావము, పట్టిన పనియందు నిష్ఠ, కష్టమును అవకాశముగా చూచుట, ఆత్మవిశ్వాసము. ఈ నాలుగింటిలో నొప్పిని దాచుమని లేదు, జ్వరమును లెక్కచేయవద్దని లేదు. కాని మైదానములో బాలురకు చెప్పబడుచున్న అర్థము వేరు: పండ్లు బిగించి ఓర్చుకొనుమనుటయే. ఆరోగ్యముగా నున్నప్పుడు దీనివలన లాభము లేకపోలేదు. చివరిచుట్టులో కాళ్లు “చాలు” అనును. ఆటగాడు “ఇంకొక్కటి” అనును. దేహము మాట విననట్లు నటించుట అతని విద్యలో నొక భాగమైనది. చిక్కు ఇక్కడనే యున్నది. వ్యాధిలోను దేహము ఆ గొంతుకతోనే “చాలు” అనును. కాని ఈ మారు అది బద్ధకపు మాట కాదు, హెచ్చరిక. ఏండ్లతరబడి చెవి మూసికొనుట నేర్చినవాడు ఆ తేడాను ఎట్లు గుర్తించును?

గుర్తింపకపోయిన ఏమగునో స్వీడను దేశము చెప్పగలదు. పటమును, దిక్సూచిని చేతబట్టుకొని అడవులలో దారి వెదకుకొనుచు పరుగెత్తు క్రీడ యొకటి అచట మిక్కిలి ప్రీతిపాత్రము. దానిని ఓరియెంటీరింగ్ అందురు. 1979 మొదలు 1992 వరకు ఆ క్రీడలోని యువకులలో పదునాఱుగురు అకస్మాత్తుగా గుండె ఆగి మరణించిరి. వారిలో పదునైదుగురు పురుషులు, ఒకతె స్త్రీ. శవపరీక్షలలో పెక్కుమందికి గుండెకండరమున వాపు కనబడెను. ఇట్టి వాపు సాధారణముగా సూక్ష్మజీవుల సంపర్కమువలన కలుగును. అది యుండగా తీవ్రముగా శ్రమించినచో గుండె లయ తప్పి ప్రాణమునకే ముప్పు వాటిల్లవచ్చును. అప్పుడు ఆ దేశమువారు చేసిన పని గమనింపదగినది. 1992 నవంబరునుండి వారు సాధనక్రమమును మార్చుటయే కాక, సాధనను గూర్చిన మనోభావమును గూడ మార్చుటకు పూనుకొనిరి. తరువాతి మూడున్నర యేండ్లలో ఆ క్రీడలోని యువకులలో అట్టి మరణము ఒక్కటియు లేదు. మార్పులన్నిటిలో దేని ఫలమెంతయో తూచి చెప్పుట కష్టము. కాని ఒక సమాజము తన ధైర్యమునకు తానే కొత్త అర్థము చెప్పుకొన్నదనుట మాత్రము నిజము.

ఇది పిరికితనమునకు తత్త్వము కట్టుటయని కొందరు ఆక్షేపింపవచ్చును. వారు యువరాజ్ సింగును చూపుదురు. 2011 ప్రపంచకప్పు క్రికెట్టులో అతడు 362 పరుగులు చేసి, 15 వికెట్లు తీసి, ఆ పోటీలకంతకును ఉత్తమ క్రీడాకారుడయ్యెను. అప్పటికే దగ్గు, రక్తము పడుట అతనిని బాధించుచుండెను. పిమ్మట రొమ్ములోపల ఊపిరితిత్తుల నడుమ క్యాన్సరు గడ్డ యున్నదని బయటపడెను. ఇంతకంటె ధైర్యమేమున్నదని వారడుగుదురు. ధైర్యమున్నది, అందులో మాకు సందేహము లేదు. కాని ఆ ధైర్యమును మనము ఏ పుటలో చదువుచున్నామన్నదే ప్రశ్న. రక్తము పడుచుండగా ఆడుట పాఠముగా బాలురకు చెప్పదగినది కాదు. ఆ లక్షణమునకు తగిన మొదటి పని వైద్యుని చూచుట. మేము మెచ్చునది తరువాతి కథను. అతడు ఆట విడిచి అమెరికాకు పోయి కీమోథెరపీ చేయించుకొనెను. 2012 ఏప్రిలులో తిరిగివచ్చి, పోయిన బలమును మొదటినుండి కూడబెట్టుకొని, ఆ సెప్టెంబరు 11న చెన్నైలో న్యూజిలాండుపై ఆడి 34 పరుగులు చేసెను. 2017 జనవరిలో కటకమున ఇంగ్లాండుపై 150 పరుగులు తీసెను. ఒకనాటి ఆటలలో అతని అత్యధికము అదియే. ఆడకుండుటకు ఒప్పుకొన్న నెలలు లేకున్న ఆ 150 లేదు.

రెండవ యుదాహరణము ఇంత సుఖాంతము కాదు; అందుచేతనే దానిని విడువరాదు. స్వీడనువాడైన టెన్నిస్ ఆటగాడు రాబిన్ సోడర్లింగు 2009లో ఫ్రెంచి పోటీలలో రఫేల్ నాదల్‌ను ఓడించెను. ఆ మైదానమున నాదల్‌కు అదియే తొలి ఓటమి. 2010లో అతడు ప్రపంచమున 4వ స్థానము చేరెను. 2011 జూలైలో తన దేశములోనే బాస్టాడ్ పోటీని గెలిచెను. అదే అతని చివరి పోటీ యయ్యెను. మోనోన్యూక్లియోసిస్ అను జ్వరవ్యాధి అతనిని పడగొట్టినది. మరల ఆడవలెనని ప్రయత్నించి, ఆడలేక, 2015లో విరమించెను. ఆ కాలమున తన్ను పీడించిన ఆందోళనను, ఉన్నట్టుండి ముంచెత్తు భీతిని గూర్చి తరువాత తానే బహిరంగముగా చెప్పెను. ఇతనికి మనోబలము లేదందుమా? నాదల్ ఎదుట నిలిచినవాడు ఇతడే గదా! మనోబలము పెట్టెలో దాచిన బంగారము వంటిది కాదు, ఎన్నడైన తీసి వాడుకొనుటకు. దేహము సన్నగిల్లినప్పుడు అదియు సన్నగిల్లును, పోషించినచో పెరుగును. కొందరికి ఎంత పోషించినను పూర్వపు ఆట తిరిగి రాదు. రానంతమాత్రమున వారు ఓడినవారు కారు. తిరిగి వచ్చినవానిని వీరుడని పొగడుటలో, రానివానిని తెలియకయే నిందించుచున్నామని మనము మరచిపోవుచున్నాము.

అట్లయిన భయపడినవానిని భయమునకే విడిచిపెట్టవలెనా? వలదు. మన యిండ్లలోని ముసలమ్మలకు దీని మర్మము తెలిసియే యున్నది. జ్వరము తగిలినవానికి లంఖణము, విడిచిన పిమ్మట జావ, తరువాత మెత్తని అన్నము, మిరియాల చారు, అది ఇమిడినచో పప్పు, కూర, కట్టకడపట పిండివంట. ఆకలి యన్నాడని తొలినాడే గారెలు పెట్టిన తల్లిని ఎవరును మెచ్చరు. భయమున నెలలతరబడి జావయే పోసిన తల్లిని గూడ మెచ్చరు. శ్రమకును ఇట్టి పథ్యమే కావలెను. జ్వరముండగా విశ్రాంతి, పిమ్మట నడక, తరువాత వడినడక, మెల్లని పరుగు, ఒంటరి సాధన, జట్టుతో సాధన, చివరకు పోటీ. ఒక మెట్టు మరునాటికి ఇమిడినచో తరువాతి మెట్టు. ఆయాసము, రొమ్మునొప్పి, దడ కనబడినచో ఆగి వైద్యుని చూచుట. గుండెకండరమునకు వాపు వచ్చినవారు మూడునుండి ఆరునెలలు పోటీలకు దూరముగా నుండవలెనని 2015లో అమెరికా హృద్రోగవైద్యులు సూచించిరి. శ్రమపడిన మరునాడో మూడవనాడో నీరసము ముంచుకొనివచ్చు వ్యాధులును కొన్ని కలవు. అట్టివారిని మెట్లెక్కుమని తొందరపెట్టుట హాని. పథ్యమును రోగినిబట్టి మార్చుకొనవలెను గాని, ఊరిపద్ధతినిబట్టి కాదు.

ఈ పథ్యము దేహమునకే కాక మనస్సునకును ఔషధమగుట ఇందలి విశేషము. “భయపడకుము” అను మాటను మనస్సు నమ్మదు. నిన్న నడచిన నడక నేడు హాని చేయలేదని దేహమే సాక్ష్యము చెప్పినప్పుడు నమ్మును. ఇట్లు ఒక్కొక్క సాక్ష్యము చేరగా, గుండెదడ వ్యాధియొక్క అడుగుల చప్పుడు కాదు, తిరిగి వచ్చుచున్న బలముయొక్క అడుగుల చప్పుడని అతడు గుర్తుపట్టును. అప్పటికిని భయము విడువనిచో మనోవైద్యుని యొద్దకు పోవుట, కాలు విరిగినవాడు ఎముకల వైద్యుని యొద్దకు పోవుట వంటిదే. అందులో సిగ్గుపడవలసినది లేదు. మనోవ్యాధికి మందు లేదను మాట నేటికి చెల్లదు.

కాని పథ్యము పాటించుటకు ఇల్లు కలిసిరావలెను. క్రీడాకారునకు ఇల్లు మన సమాజమే. మన రెండు తెలుగు రాష్ట్రములలోను కానిస్టేబులు ఉద్యోగము కోరు పురుషులు 1600 మీటర్ల పరుగులో నెగ్గవలెను. తెల్లవారుజామున మైదానములలో ఆ పరుగునకు సాధన చేయు పేదబిడ్డలు మన కండ్లయెదుటనే యున్నారు. పరీక్షకు పదిదినముల ముందు డెంగ్యూ వచ్చిన బాలుడు ఏమి చేయును? నిజము చెప్పినచో రెండేండ్ల శ్రమ వ్యర్థమగునని తలచును. దాచి పరుగెత్తినచో ప్రాణమును పణము పెట్టును. జిల్లాజట్టు ఎంపికకు పోవు కబడ్డీ బాలికయు ఇట్లే జ్వరమును దాచును. వారికి ధైర్యమును బోధించుటకు ముందు, నిజము చెప్పినవానికి మరియొక తేదీ దొరకు ఏర్పాటు మనము చేసితిమా? జబ్బుపడినవాని తావును కొంతకాలము నిలిపియుంచు నియమము ఎన్ని సంఘములలో నున్నది? “ఎప్పుడు ఆడెదవు?” అనుటకు బదులు “నిన్న నిద్ర పట్టినదా? మెట్లెక్కిన ఆయాసము వచ్చినదా?” అని అడుగు శిక్షకులు ఎందరు? జ్వరముతో ఆడి గెలిచినవానిని మొదటిపుటలో పొగడు పత్రికలు, జ్వరమని ఆగినవానికి ఒక్క పంక్తియైన కేటాయించినవా? ఈ ఏర్పాట్లకు గొప్ప ధనము అక్కరలేదు. దృష్టి మారిన చాలును.

నిజమును చెప్పినందుకు నష్టపోవలసివచ్చు చోట నిజము చెప్పుమనుట బోధ కాదు, క్రౌర్యము. కోలుకొనువాని భయము సగము అతని దేహములో నున్నది. తక్కిన సగమును మనము కల్పించినాము. దేహములోని సగమును పథ్యము తీర్చగలదు. మనము కల్పించిన సగమును మనమే తీర్పవలెను. ఆ పని జరిగిననాడు “ఈ రోజు నేనాడలేను” అని నిలిచి చెప్పిన బాలుని చూచి మైదానము నవ్వదు. వాడు మరల ఆడుటకు దారి వేసికొనుచున్నాడని గ్రహించును.