గట్టు దారి

కర్ణాటకలో దేవనహళ్ళి పక్క ఒక పల్లె. అన్నదమ్ములిద్దరూ తండ్రి నాటి నుంచీ ఒకే భూస్వామి పొలాన్ని గేణికి దున్నేవాళ్ళు. కౌలుని అక్కడ గేణి అంటారు. కళ్ళంలో సగం రాగులు ఆయన గాదెకే పోయేవి. 1974లో దేవరాజ్ అర్స్ ప్రభుత్వం భూసంస్కరణల చట్టాన్ని సవరించి కౌలుని రద్దు చేసింది. అన్నదమ్ములు ఏడో నంబరు ఫారం పెట్టుకుని భూన్యాయ మండలి ముందు నిలబడ్డారు. చెరి మూడెకరాలు దక్కాయి. పహణీలో తన పేరు చదివించుకున్న రోజు అన్న ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నాడు.

బావి అన్న వైపు ఉండిపోయింది, బండి దారి తమ్ముడి వైపు. నీళ్ళు ఇటు నుంచి అటు పారాయి, బండి అటు నుంచి ఇటు వచ్చింది. మధ్యన గట్టు. దాన్ని ఎవరూ కొలవలేదు.

2008లో విమానాశ్రయం వచ్చింది. 2020లో చట్టం మళ్ళీ మారి, రైతు కానివాళ్ళు కూడా సాగుభూమి కొనుక్కోవచ్చంది. తమ్ముడు పోయాక అతని కొడుకు అమ్మేశాడు. చెల్లెలి పెళ్ళి, బోరుబావికి చేసిన అప్పు... అతన్ని నేను తప్పుపట్టను. కొన్నాయన ప్రహరీ కట్టాడు. కొడవలి పట్టుకుని వచ్చిన ముసలి అన్నకి గట్టు ఉండాల్సిన చోట తడారని సిమెంటు ఇటుకలు కనిపించాయి. తన పొలంలో రాగి పైరు కోతకొచ్చింది. బండి పోయే దారి లేదు. మోపులు నెత్తిన పెట్టుకుని చుట్టూ తిరిగి మోశాడు. రెండు పంటలు అలా మోసి, తన పొలాన్నీ ఆ ప్రహరీ ఆయనకే, ఆయన చెప్పిన ధరకే అమ్మేశాడు.

"నేనమ్మింది నా పొలమే కదా పెద్దనాయనా?"

"నీ పొలమే నాయనా. నా దారి కూడా దాంట్లోనే పోయింది."

నీతి: చట్టం భూమిని ఎవరిది వాళ్ళకి విడివిడిగా ఇస్తుంది. దాన్ని నిలుపుకోవడం మాత్రం పక్క పొలంవాడు తోడుంటేనే.

ఆ తోడు ఏం చేయగలదో అదే దేవనహళ్ళి తాలూకాలోని చన్నరాయపట్న హోబళిలో చూశాం. ఏరోస్పేస్ పార్కు కోసం 1,777 ఎకరాలు తీసుకుంటామని ప్రభుత్వం అంటే 13 ఊళ్ళ రైతులు 2022 నుంచి మూడేళ్ళకు పైగా ధర్నాలో కూర్చున్నారు. 2025 జులై 15న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య భూసేకరణ విరమిస్తున్నామని ప్రకటించారు. ఇష్టపడి ఇచ్చేవాళ్ళ భూమి తీసుకుంటామనీ ఆ రోజే అన్నారు. ఇచ్చే ముందు, తన పొలం మీదుగా ఎవరెవరి బండ్లు పోతున్నాయో ఆ ఊళ్ళలో ప్రతి రైతూ ఒక్కసారి గట్టు మీద నిలబడి చూడాలని నా కోరిక.