మరచిపోయినవారికి ప్రభువు బల్లయొద్ద చోటు

చదువవలసిన భాగములు: 2 సమూయేలు 19:31-40, 1 రాజులు 2:7, యెషయా 49:14-16



మన పట్టణములలో రోటరీ క్లబ్బు అను సేవాసంఘమున్న సంగతి మీలో కొందరెరుగుదురు. పోలియో చుక్కల పనిలో వారు చేసిన సహాయము గ్రామములవారికిని తెలిసినదే. 1905వ సంవత్సరమున అమెరికాలోని చికాగో నగరమందు పాల్ హారిస్ అను న్యాయవాది మరి ముగ్గురితో కలిసి దీనిని ఆరంభించెను. వారు ఒకరి కార్యాలయమునుండి మరియొకరి కార్యాలయమునకు వంతులవారీగా మారుచు కూడుకొనుచుండిరి గనుక ఆ పేరు వచ్చినది. వారమునకొకసారి కూడుకొని, తెలిసినవారిని పిలిచి, ఉపయోగకరమైన సంగతి యొకటి వినుట వారి వాడుక.

అట్టి వారపు కూడికలో ఒక వైద్యుడు డిమెన్షియా అను వ్యాధినిగూర్చి మాటలాడగా నేను వింటిని. మన సంఘములలో అనేకుల ఇండ్లలో ఈ వ్యాధి ఉన్నది. దాని పేరు మాత్రము మనమెరుగము. మతి తప్పినదందుము, చాదస్తమందుము, కొన్ని చోట్ల దయ్యము పట్టినదనియు అందుము. కాబట్టి ఆయన చెప్పినదానిని ముందు మీకు చెప్పి, తరువాత మన సంఘములను బాధించు ప్రశ్న యొకదానికి వత్తును.

వయస్సు మీరినవారికి కొంత మరపు సహజము. కండ్లద్దములు ఎక్కడ పెట్టితినో అని వెదకుట వ్యాధి కాదు. వాటిని చేతబట్టుకొని, ఇవి దేనికి అని అడుగుట వ్యాధి గుర్తు. నిన్నటి మాట పోవును, నలువది యేండ్లనాటి మాట నిలుచును. అన్నము తిని చేయి కడుగుకొని, నాకు అన్నము పెట్టలేదని పొరుగింటివారితో చెప్పుదురు. పుట్టి పెరిగిన వీధిలోనే దారి తప్పుదురు. గాజులు తామే ఎక్కడనో దాచి, కోడలు దొంగిలించెనందురు. ఈ యొక్క మాటమీద మన గ్రామములలో ఎన్ని పంచాయితీలు జరిగినవో, ఎందరు కోడండ్రు ఏడ్చిరో దేవునికే తెలియును.

మెదడులోని కణములు క్రమముగా నశించుటవలన ఇది కలుగును. ఎక్కువగా కనబడునది అల్జీమర్స్ వ్యాధి. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున ఆలోయిస్ అల్జీమర్ అను వైద్యుడు 51 సంవత్సరముల స్త్రీని పరీక్షించెను. ఆమె మరణించిన పిమ్మట ఆమె మెదడును పరిశీలించి, చూచినదానిని 1906లో తోటి వైద్యులకు తెలిపెను. మెదడులోని రక్తనాళములు చెడుటవలన వచ్చునది మరియొక విధము. రక్తపోటును మధుమేహమును అశ్రద్ధ చేసినవారికి ఈ అపాయమెక్కువ. 2023లో ప్రకటింపబడిన అంచనా ప్రకారము మన దేశములో 60 సంవత్సరములు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అనగా సుమారు 88 లక్షలమందికి ఈ వ్యాధి ఉన్నది.

దీనిని పూర్తిగా నయముచేయు మందు ఇంకను లేదు. అయినను థైరాయిడ్ లోపము, బి12 విటమిను లోపము, తీరని మనోవిచారము కూడ చూచుటకు ఇట్లే కనబడును; వాటికి మందు కలదు. ముసలితనమే గదా అని ఊరకుండక ఆసుపత్రికి తీసికొనిపొమ్మని ఆయన బతిమాలెను. చెవుడును లెక్కచేయకుండుట, పొగ త్రాగుట, మద్యము, తలకు దెబ్బ తగులుట, ఒంటరితనము మొదలైన 14 కారణములను సరిచేసినయెడల, ఈ వ్యాధిలో దాదాపు 45 శాతము వరకు రాకుండ ఆపుటకో ఆలస్యము చేయుటకో వీలుండవచ్చునని 2024లో వైద్యపండితులు ప్రకటించిరట. నాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించినది మరియొకటి. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో 648మంది రోగులను పరిశీలించి 2013లో తెలిపిన ప్రకారము, రెండు లేక అంతకెక్కువ భాషలు మాటలాడువారికి ఈ వ్యాధి సుమారు నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా మొదలాయెను. అక్షరము రానివారిలోను ఈ భేదము కనబడెను.

దయ్యమను మాటనుగూర్చి కొంచెము చెప్పవలెను. మత్తయి 4:24లో రోగులును దయ్యముపట్టినవారును వేరువేరుగా చెప్పబడిరి, మనమెందుకు కలిపివేయుదుము? మతి తప్పిన అవ్వను నడుమ కూర్చుండబెట్టి, చుట్టు నిలిచి కేకలు వేసి ప్రార్థించినయెడల, ఆమె భయముతో వణకును. అట్టివారిని పస్తులుంచుట మరింత అపాయము. ప్రార్థన మానుమని నేను చెప్పను. ఆమె చేయి పట్టుకొని మెల్లగా చేయుడి.

ఇక మన ప్రశ్న. ప్రభువు తన్ను జ్ఞాపకము చేసికొనుటకై ఆ బల్లను మనకిచ్చెను. జ్ఞాపకమే పోయినవారు దానియొద్దకు రావచ్చునా? కొన్ని సంఘములలో పెద్దలు వద్దనుచున్నారు. రొట్టెను చేతబట్టుకొని ఇదేమని అడిగినది, పాత్రను ఒలికించినది, ఆరాధన నడుమ లేచిపోయినది, ఇక ఆమెకు ఇయ్యవద్దందురు. ప్రతివాడును తన్ను తాను పరీక్షించుకొనవలెనని పౌలు కొరింథీయులకు వ్రాసిన మాట చూపుదురు. వారిది దైవభయమే, దానిని నేను తేలికచేయను. అయితే ఆ 11వ అధ్యాయమునే కొంచెము పైనుండి, 21, 22 వచనములు చదువుడి. అక్కడ పౌలు ఎవరిని గద్దించెను? ముందుగా తిని త్రాగి, పేదలను ఆకలితో విడిచి సిగ్గుపరచినవారిని. మతి చక్కగా నుండియు తోటివారిని లెక్కచేయనివారికి వ్రాసిన మాటను, మతి క్షీణించిన వృద్ధురాలిమీద మోపుట న్యాయము కాదని నా తలంపు. నలుగురు మోసికొనివచ్చిన పక్షవాయువుగలవాని సంగతిలో ప్రభువు ఎవరి విశ్వాసము చూచెనో మార్కు 2:5లో చూడుడి.

బర్జిల్లయిని తలంచుకొనుడి. దావీదు అబ్షాలోముచేత తరుమబడి మహనయీమునకు వచ్చినప్పుడు గోధుమలు, యవలు, చిక్కుళ్లు, తేనె, వెన్న తెచ్చి పోషించినవారిలో ఈయన యొకడు. రాజు తిరిగి వెళ్లుచు, నాతో యెరూషలేమునకు రమ్ము, నేను నిన్ను పోషింతునని పిలిచెను. నాకు 80 యేండ్లు, తినుదాని రుచి తెలియదు, పాటలు వినబడవు, నీకు భారముగా నేనెందుకని ఆయన బదులు చెప్పెను. ఈయనకు డిమెన్షియా ఉండెనని నేననను. తన సంగతి తానే చక్కగా చెప్పుకొనెను. అయితే, నేను మీకు భారము అను ఆ మాట మన ఇండ్ల అరుగులమీద ప్రతిదినము వినబడుచున్నది గదా! దావీదు ఆయనను బలవంతపెట్టలేదు, మరచిపోనులేదు. ముద్దుపెట్టుకొని దీవించి, సొంత ఊరికి పంపెను. కింహామును తోడుకొనిపోయెను. తాను చనిపోవు కాలమందు బర్జిల్లయి కుమారులకు బల్లయొద్ద చోటియ్యవలెనని సొలొమోనుకు ఆజ్ఞాపించెను. రుచి తెలియనివాని ఇంటివారికి రాజు బల్లయొద్ద చోటు దొరికెను.

తల్లి తన చంటిబిడ్డను మరచునా అని దేవుడు యెషయాద్వారా అడిగి, వారు మరచినను మరువవచ్చునని తానే ఒప్పుకొనుచున్నాడు. ప్రవక్త ఈ వ్యాధిని తలంచి పలికెనని నేను చెప్పజాలను. అయినను కన్నతల్లి తన ముఖము చూచి, నీవెవరి బాబువు అని అడుగగా విన్న కుమారుడు ఈ వచనమును చదువునట్లు మనము చదువలేము. ఆయన అరచేతులమీద చెక్కబడిన పేరు ఆమెకు జ్ఞాపకమున్నను లేకున్నను అక్కడనే ఉన్నది.

కాబట్టి పెద్దలారా, ఆరాధనకు రాలేనివారి ఇంటికి రొట్టెను పాత్రను తీసికొనిపొండి. ఎదురుగా కూర్చుండి మీ పేరు మీరే చెప్పుడి. నేనెవరినో చెప్పు అవ్వా అని పరీక్ష పెట్టకుడి. కొందరికి మింగుట కష్టమగును గనుక రొట్టెను చిన్న ముక్కచేసి ఇయ్యుడి. పెట్టవలెనో లేదో ఇంటివారిని ముందుగా అడుగుడి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ఆమె చిన్ననాట నేర్చినదొకటి ఎత్తుకొనుడి. కన్నబిడ్డల పేర్లు పోయినవారిలోను పాట చాలకాలము నిలుచునని ఆ వైద్యుడు చెప్పెను.

ఇంటివారిని చూడుడి. ఈ వ్యాధిలో రోగికంటె ముందు కూలిపోవునది ఆమెను చూచుకొను కోడలో, కుమార్తెయో, భార్యయో అని కూడ ఆయన చెప్పెను. రాత్రి నిద్ర లేదు, పగలు దొంగతనపు నింద. వృద్ధులకొరకు ప్రభుత్వము పెట్టిన 14567 అను ఫోను నంబరును వారికి చెప్పుడి. క్లబ్బువారు వారమునకొకసారి కూడుకొనుచున్నారు. మన స్త్రీల సమాజమువారును కూడుకొనుచున్నారు. ఆ కూడికలోనుండి ఇద్దరు వారమునకొక మధ్యాహ్నము ఆ యింట అవ్వయొద్ద కూర్చుండినయెడల, ఆ కోడలు సంతకు పోయి రాగలదు, లేక తలుపు దగ్గరగా వేసికొని ఒక గంట నిద్రపోగలదు.