ఎవరి మూట వారిదే

కొండ నెక్కువాడు తన మూటను తానే మోయవలెనా, కూలి యిచ్చి మరొకని భుజమున కెత్తవచ్చునా? ప్రశ్న చిన్నదే, కాని యందొక ధర్మసూక్ష్మము కలదు.

గోసాని నువాగాములోని మన కుటుంబములకు మహేంద్రగిరి పరాయి కొండ కాదు. ఒకప్పుడు గంజాము జిల్లాలోనిదై, 1992 నుండి గజపతి జిల్లాకు చెందిన యీ పర్వతము ఎత్తు 1,501 మీటర్లు. కుంతీ, ధర్మరాజ, భీముల పేర వెలసిన ఆలయములను దర్శింప శివరాత్రికి ఒడియావారును తెలుగువారును కలిసి యెక్కుదురు.

ఇంట మూట కట్టునపుడు ప్రతి వస్తువును అవసరముగనే తోచును. నిట్టెక్కున భుజము నొచ్చినపుడు గాని అవసర మేదియో, ఆశ యేదియో తేటపడదు. కాలినడకను కొండ లెక్కి మేము నేర్చిన పాఠ మిదియే. మూటను పరుని కప్పగించినచో ఆ తెలివి మనకు కలుగదు. మన యాశ వాని వెన్నుపై కూర్చుండును.

కూలి వానికి జీవనము గదా యందురు. నిజమే, వృద్ధులకును రోగులకును ఆ సాయము న్యాయమే. అయినను కూలి యాతని శ్రమకు మూల్యమే గాని, మన యనవసరమునకు ప్రాయశ్చిత్తము కాదు. కావున, శక్తి గలవాడు మొదట కొంతదూరము తానే మోసి చూడవలెను. అటుపిమ్మట మూటలో మిగిలినది మాత్రమే మరొకని భుజమున కెత్తదగినది.