కదలని పడవ

డేనియల్ డెఫో 1719లో రాసిన రాబిన్సన్ క్రూసో నవలను చిన్నప్పుడు సాహసాల కోసం చదివాను. ఇప్పుడు ఎక్కువగా గుర్తొచ్చేది అందులోని ఒక పడవ.

దీవిలో ఒంటరిగా చిక్కుకున్న కథానాయకుడు క్రూసో, ఎలాగైనా దాన్ని దాటాలన్న ఆరాటంతో పడవ కోసం పెద్ద దేవదారు చెట్టును ఎంచుకున్నాడు. మొదలు నరకడానికే 20 రోజులు, కొమ్మలు కొట్టడానికి మరో 14. ఆపైన నెలల తరబడి చెక్కి, తొలిచి, 26 మంది పట్టే పడవ తయారుచేశాడు. నీళ్లు 100 గజాల దూరంలోనే ఉన్నాయి. కానీ పడవ కదిలితేగా! దాన్ని నీళ్లదాకా ఎలా చేర్చాలన్న సందేహం మధ్యలోనే వచ్చింది. ముందు పని పూర్తికానీ, తర్వాత చూద్దామనుకున్నాడు.

ఒళ్లు వంచి పనిచేస్తున్నప్పుడే ఇలాంటి ప్రశ్నను పక్కన పెట్టేస్తాం. కష్టపడుతున్నామన్న తృప్తి కళ్లు కప్పేస్తుంది. క్రూసో తెలివితక్కువవాడు కాదు. అందుకే ఈ ఘట్టం నన్ను ఇంతగా పట్టుకుంది.

తర్వాత అతను మరో చెట్టు వెతికి, చిన్న పడవ చెక్కాడు. ఈసారి నీళ్లు దాదాపు అర మైలు దూరం. అయినా ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతున కాలువ తవ్వాడు. మొత్తం పనికి రెండేళ్లు పట్టింది. పడవ నీళ్లలోకి దిగింది.