కాపలావాణ్ణి నిద్రపుచ్చి...

దొంగచేతికి తాళాలివ్వడం అంటారే, సరిగ్గా అలాంటి వైద్యం ఒకటుంది. గ్లియోబ్లాస్టోమా అనే గడ్డ మెదడులో పుడితే, ఆపరేషనూ రేడియేషనూ అయ్యాక కూడా మళ్ళీ మొలుస్తుంది. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ డాక్టర్లు 2012లో అలాంటి గడ్డలోకి సన్నని గొట్టం దింపి పోలియో వైరస్ ఎక్కించడం మొదలుపెట్టారు. అవునండీ, పోలియోనే! ఏ వైరస్‌కి భయపడి పిల్లల్ని చంకనేసుకుని రెండు చుక్కల కోసం పరుగెత్తామో, అదే. కాకపోతే నరాల జోలికి పోకుండా కోరలు పీకి, జలుబు వైరస్ ముక్క ఒకటి అతికించారు. 61 మందికి ఇస్తే మూడేళ్ళకి నూటికి 21 మంది చొప్పున మిగిలారని 2018లో ప్రకటించారు. పాత లెక్కల్లో అలాంటి రోగులు నూటికి నలుగురే మిగిలేవారు.

చిక్కల్లా మన ఒంట్లోని కాపలావాడితో, అదే వ్యాధి నిరోధక శక్తితో. వాడికి వైరస్ అంటే వైరసే. మేలుకొచ్చిందా, కీడుకొచ్చిందా అని ఆరా తీయడు. 1999లో ఎలుకల మెదడు గడ్డల మీదికి హెర్పిస్ వైరస్‌ని పంపితే, వీడు ముందే ఊడ్చేయబోయాడు. సైక్లోఫాస్ఫమైడ్ అనే మందుతో వీణ్ణి కాస్త జోకొడితే గానీ వైరస్ పని సాగలేదు. తీరా చూస్తే, గడ్డని చివరిదాకా వెంటాడాల్సిందీ వీడేనట! ఎప్పుడు పడుకోబెట్టాలో, ఎప్పుడు లేపాలో డాక్టర్లు ఇంకా తేల్చుకుంటూనే ఉన్నారు.

నా సందేహం వేరు. ఇంటి కాపలాని నిద్రపుచ్చి శత్రువుని లోపలికి పిలవడానికి అనుమతి ఎవరివ్వాలి?

మన ఇళ్ళల్లో క్యాన్సర్ అనగానే ఏం చేస్తాం? డాక్టరుగారిని వరండాలోకి పిలిచి, "ఆయనకి చెప్పకండి, తట్టుకోలేరు" అంటాం. రిపోర్టు బీరువాలో చీరల కింద దాచేసి, "చిన్న గడ్డేనటండీ" అంటూ నవ్వుమొహంతో మజ్జిగన్నం కలిపి పెడతాం. అది ప్రేమే, కాదనను. కానీ పరీక్షల్లో ఉన్న ఇలాంటి వైద్యం దగ్గర ఆ ప్రేమ చెల్లదు. మెదడు వాచొచ్చు, ఫిట్స్ రావచ్చు, బతుకుతారన్న హామీ లేదు అని ఆ మనిషికే చెప్పాలి. సంతకమూ ఆయనే పెట్టాలి.

చావు ఎదురుగా నిలబడ్డాక ఎవరు కాదంటారు, అదేం ఇష్టం అంటారా? మునిగేవాడికి గడ్డిపోచ, నిజమే. గడ్డిపోచని గడ్డిపోచేనని చెప్పి అందించడం వేరు, మోకు అని నమ్మించి అందించడం వేరు. వద్దనేవాళ్ళూ ఉంటారు. ఉన్న నాలుగు నెలలూ మనవల మధ్య గడుపుతానంటారు. ఆ "వద్దు" కూడా రిపోర్టుతో పాటు మన బీరువాలోనే ఉండిపోతోంది.

పైగా గడ్డ ఉన్నది మెదడులో. రేపటికి ఆలోచనే మసకబారొచ్చు. అప్పుడు సంతకం భార్యో, కొడుకో పెట్టాలి. బాగున్న రోజుల్లో ఒక్కసారైనా అడక్కపోతే, ఆయన ఏది కోరుకునేవారో వాళ్ళకెలా తెలుస్తుంది?